మల్లన లెక్క: చదరంగం గళ్ళలో ఇరవై అంకెలు



ఆకివీడు చుట్టుపక్కల అంకె లేకుండా మాట సాగదు. రొయ్యల చెరువు గట్టు మీద ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న "కౌంట్ ఎంత?" అని. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. వంద కౌంట్ కంటే ముప్పై కౌంట్‌కి ధర ఎక్కువ. అంకె తగ్గే కొద్దీ డబ్బు పెరిగే లెక్క ఇది. బొచ్చె, శీలావతి పిల్లను లక్షల్లో మాట్లాడుకుంటాం, ధాన్యాన్ని బస్తాల్లో, చేపల లోడును టన్నుల్లో. లెక్కలో ఇంత ఆరితేరిన వాళ్ళ ముందు ఇవాళ ఒకే ఒక్క సంఖ్య పెట్టి మాట్లాడతాను. దాన్ని నెమ్మదిగా చదువుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు. ఆరు, ఏడు, నాలుగు, నాలుగు. సున్న, ఏడు, మూడు, ఏడు. సున్న, తొమ్మిది, అయిదు, అయిదు. ఒకటి, ఆరు, ఒకటి, అయిదు.

మొత్తం అయిదు పుంజీల అంకెలు, అంటే ఇరవై. కోట్లలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ మీద నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆ మీద తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఊపిరి బిగబట్టి చదవాల్సినంత పొడుగు.

ఇది ఎవరో విదేశీ పండితుడు మనకు నేర్పిన సంఖ్య అనుకోకండి. తెలుగులో తొలి గణిత గ్రంథం పావులూరి మల్లనది. దాన్ని పావులూరి గణితం అంటారు. ఆయన పేరు మీద ఉన్న ఒక చంపకమాల పద్యంలో ఈ ఇరవై అంకెలూ ఉన్నాయి. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్ళూ నింపి కూడితే వచ్చే మొత్తం ఇది. వేంగిని ఏలిన రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను మల్లనకు ఇచ్చాడంటారు. అగ్రహారం పుచ్చుకున్న మల్లనే గణితం రాశాడా, ఆ మల్లన మనవడు రాశాడా అన్నది పండితులు తేల్చుకోవలసిన తగువు. ఎవరు రాసినా నన్నయకు అటూ ఇటూగా, తెలుగులో కావ్యం అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న రోజుల్లో రాశాడు. వేంగి అంటే ఎక్కడో కాదు, మన ఏలూరు పక్కన పెదవేగి.

మల్లనకు మూలం మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహం. మహావీరుడికి పెద్ద సంఖ్యలంటే ఒక సరదా. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలు వచ్చేలా గుణకారాలు కట్టి, వాటిని హారాలతో పోల్చాడు. 152207ని 73తో గుణించి చూడండి, ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి. రెండు కోట్ల డెబ్బై తొమ్మిది లక్షల తొంభై నాలుగు వేల ఆరు వందల ఎనభై ఒకటిని 441తో గుణించండి. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగే సంఖ్య వస్తుంది. ఇలాంటి హారం అందంగా ఉంటుందని అందరికీ తెలుస్తుంది. ఏ పూసలతో గుచ్చితే అది వస్తుందో తెలియడం గణితం.

పద్యంలో ఇరవై అంకెలు ఎలా ఇమిడాయంటే, అంకెకు బదులు వస్తువు పేరు చెప్పే పద్ధతి ఒకటి ఉంది, భూతసంఖ్యలు అంటారు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, కొండలంటే ఏడు, ఏనుగులంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. చెప్పే వరుస మాత్రం ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమకు పోతుంది. అందుకని మల్లన పద్యం అయిదుతో మొదలై ఒకటితో ముగుస్తుంది. ఇందులో నాకు నచ్చిన పనితనం ఒకటి చెప్పాలి. సంఖ్యలో నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తుంది, కవి నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు మాటలు వాడాడు. ఏడు మూడుసార్లు వస్తుంది, కొండకు మూడు పేర్లు వాడాడు. గణాలూ యతులూ కావలి కాస్తున్నాయి కాబట్టి తాటాకు మీద ఎక్కించేవాడు ఒక అక్షరం జారవిడిచినా చదివేవాడికి వెంటనే తగులుతుంది. వట్టి అంకెలకు ఆ రక్షణ లేదు.

ఇంకో తమాషా. అడుగడుగునా రెట్టింపు చేస్తూ పోయిన ఈ లెక్కలో, చివరికి వచ్చిన మొత్తంలో రెండు అనే అంకె ఒక్కచోట కూడా లేదు. రాసుకున్నవాళ్ళు చూసుకోండి.

మల్లన కంటే కొంచెం ముందు, 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్ బిరూనీ అనే పండితుడు కూడా ఇదే మొత్తాన్ని లెక్కగట్టాడు. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజల బహుమతి అడిగిన కథను ఇబ్న్ ఖల్లికాన్ పదమూడో శతాబ్దంలో రాసిపెట్టాడు. కథ మీకు తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. లెక్క చూద్దాం.

అరవై నాలుగు గళ్ళనీ ఒక్కొక్కటిగా కూడక్కర్లేదు. ఎందుకో మన పాత కొలతలే చెబుతాయి. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో సోల, తవ్వ ఇంకా మూల పడి ఉంటాయి. రెండు గిద్దెలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంటే గిద్దెల్లో చూస్తే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. చదరంగం బల్ల మీది మొదటి ఏడు గళ్ళు ఇవే! ఇప్పుడు గిద్దె నుంచి అడ్డ దాకా ఆరు కొలతలనూ ఒక్కొక్కసారి నింపి ఖాళీ కుంచంలో పోయండి. కుంచం నిండదు, సరిగ్గా ఒక్క గిద్దె వెలితి ఉంటుంది. ఆ గిద్దె కూడా పోస్తే రెండు గిద్దెలు అరసోల అవుతాయి, రెండు అరసోలలు సోల అవుతాయి, అలా ఎక్కుతూ ఎక్కుతూ కుంచం నిండిపోతుంది. కాబట్టి రెట్టింపుల మొత్తం ఎప్పుడూ తర్వాతి మెట్టుకు ఒకటి తక్కువ. అరవై నాలుగు గళ్ళ మొత్తం కావాలంటే లేని అరవై అయిదో గడిలో ఎంతుండాలో కట్టి ఒకటి తీసేస్తే చాలు. రెండును అరవై నాలుగు సార్లు వేసి గుణించి ఒకటి తగ్గిస్తే మల్లన సంఖ్య.

కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి "ఒకటి" అనకుండా "లాభం" అనేవారు. మల్లన బల్ల మీద మొదటి గడికి లాభం అని మొదలెడితే ఎక్కడికి తేలుతామో కూడా చూద్దాం.

మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ లాంటి వడ్లు వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయి అనుకుందాం. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మొదటి వరుస ఎనిమిది గళ్ళలో 255 గింజలు, గుప్పెడు కూడా కాదు. రెండు వరుసలకు కిలో మూడు వందల గ్రాములు. మూడు వరుసలకు నాలుగున్నర బస్తాలు. నాలుగు వరుసలు, అంటే సగం బల్ల నిండేసరికి 86 టన్నులు. బస్తా 75 కిలోలు వేసుకుంటే 1145 బస్తాలు, ముప్పై ఎకరాల దాళ్వా పంట. ఇక్కడి వరకు ఏ పెద్ద రైతయినా ఊహించగలడు. అసలు కథ మిగతా సగంలో ఉంది. అయిదో వరుసకు దాదాపు 22 వేల టన్నులు. ఆరో వరుసకు 56 లక్షల టన్నులు. ఏడో వరుసకు 144 కోట్ల టన్నులు. ప్రపంచంలో ఏడాదికి పండే వడ్లన్నీ కలిపినా సుమారు 80 కోట్ల టన్నులు. ఎనిమిదో వరుస కూడా నింపితే 36,893 కోట్ల టన్నులు. భూమ్మీద రైతులంతా నాలుగు వందల అరవై ఏళ్ళు పండించి ఒక్క గింజ తినకుండా దాచాలి.

ఆ ధాన్యం పోయడానికి మన కొల్లేరే తీసుకుందాం. అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా 1999లో ప్రకటించిన ప్రాంతం 308 చదరపు కిలోమీటర్లు. ఘనపు మీటరుకు ఆరు వందల కిలోల వడ్లు పడతాయని వేసుకుంటే, కొల్లేరు మొత్తం మీద రెండు కిలోమీటర్ల ఎత్తు రాశి లేస్తుంది. తూర్పు కనుమల్లో అంత ఎత్తు శిఖరం లేదు. పెలికాన్ల సంగతి దేవుడెరుగు, ఉప్పుటేరు ఎటు పోవాలో తెలియక నిలబడిపోతుంది.

పరిమాణం గురించి ఇంతటితో ఆపుతాను. నిజం చెప్పాలంటే పెద్దదనం గొప్ప విషయం కాదు. ఎంత పెద్ద సంఖ్యకైనా ఒకటి కలిపితే ఇంకా పెద్దది వస్తుంది. సంఖ్యను పరీక్షించాలంటే దాన్ని విరగ్గొట్టి చూడాలి. లోపల ఏమేమి ప్రధాన సంఖ్యలున్నాయి, ఎంత తేలిగ్గా విడిపోతుంది, అసలు విడిపోతుందా, ఇవీ అడగాల్సిన ప్రశ్నలు. రెండు సంఖ్యలు పక్కపక్కనే ఉండి, ఒకే పొడుగున్నా ఒకటి చేత్తో తట్టగానే రాలిపోతుంది, మరొకటి రెండు వందల ఏళ్ళు మొండికేస్తుంది.

మల్లన సంఖ్య రాలిపోయే రకం. కాలిక్యులేటర్ వద్దు, బల్ల మీద గళ్ళను చూస్తే చాలు. గళ్ళను జతలుగా తీసుకోండి. మొదటి జత ఒకటి, రెండు, మొత్తం మూడు. రెండో జత నాలుగు, ఎనిమిది, మొత్తం పన్నెండు, అది మూడుకు నాలుగింతలు. మూడో జత నలభై ఎనిమిది. ప్రతి జతా మూడు ఎక్కంలోదే. కాబట్టి మొత్తం మూడుతో తెగుతుంది. ఇప్పుడు పుంజీలుగా తీసుకోండి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, కూడితే పదిహేను. ప్రతి పుంజీ పదిహేను ఎక్కంలోదే, కాబట్టి మూడుతో పాటు అయిదు కూడా లోపల ఉంది. వరుస మొత్తం 255, అంటే పదిహేను పదిహేడులు, పదిహేడు దొరికింది. రెండు వరుసలు కలిపితే 65,535, అది 255 ఇంటూ 257. సగం బల్ల 429 కోట్ల 49 లక్షల 67 వేల 295, అది 65,535 ఇంటూ 65,537. పూర్తి బల్ల ఆ సగం బల్ల మొత్తాన్ని దానికంటే రెండు ఎక్కువైన సంఖ్యతో గుణిస్తే వస్తుంది.

జత నుంచి పుంజీకి, పుంజీ నుంచి వరుసకు, ప్రతిసారీ గళ్ళు రెట్టింపయినప్పుడు ఒక కొత్త కారణాంకం వచ్చి చేరింది. మూడు, అయిదు, పదిహేడు, 257, 65,537, చివరగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదో?

ఇక్కడ ఫ్రాన్సులో ఒక న్యాయవాది వస్తాడు. పియర్ ద ఫెర్మా వృత్తి కోర్టు, వ్యసనం సంఖ్యలు. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఆయన 1640లో గట్టిగా నమ్మాడు. ఆరోదాన్ని పరీక్షించాలంటే అరవై అయిదు వేల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. చేత్తో చేసేవాడికి అది ఏళ్ళ తరబడి పని. తొంభై రెండేళ్ళ తర్వాత, 1732లో, ఆయిలర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఈ లెక్కను ఒక ఉపాయంతో పట్టాడు. ఆరో సంఖ్యకు కారణాంకం అంటూ ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం ఒకటి రావాలి. ఆ ఒక్క షరతుతో పని వేల నుంచి వేళ్ళ మీదకు దిగింది. అలాంటి ప్రధాన సంఖ్యలు మొదట 193, తర్వాత 257, 449, 577, 641. అయిదో దెబ్బకు విరిగింది. 641 ఇంటూ 67 లక్షల 417. ఫెర్మా నమ్మకం అక్కడితో సరి.

641 ఎందుకు సరిపోయిందో భాగించకుండానే చూపించవచ్చు. కాగితం ఉన్నవాళ్ళు నాతో రండి, లేనివాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. 641ని రెండు రకాలుగా విడదీయవచ్చు. ఒకటి, 640 మీద ఒకటి. 640 అంటే అయిదు ఇంటూ 128, 128 అంటే రెండు ఏడో ఘాతం. రెండు, 625 మీద 16. అంటే అయిదు నాలుగో ఘాతం మీద రెండు నాలుగో ఘాతం. మొదటిదాని ప్రకారం అయిదు ఇంటూ రెండు ఏడో ఘాతం 641కి ఒకటి తక్కువ, శేషం మైనస్ ఒకటి. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే అయిదు నాలుగో ఘాతం ఇంటూ రెండు ఇరవై ఎనిమిదో ఘాతానికి శేషం ప్లస్ ఒకటి. రెండోదాని ప్రకారం అయిదు నాలుగో ఘాతం స్థానంలో మైనస్ 16 రాయవచ్చు. 16 అంటే రెండు నాలుగో ఘాతం కాబట్టి అది ఇరవై ఎనిమిదితో కలిసి ముప్పై రెండో ఘాతం అవుతుంది. అంటే రెండు ముప్పై రెండో ఘాతానికి శేషం మైనస్ ఒకటి, దానికి ఒకటి కలిపితే శేషం సున్న. ఆ సంఖ్యే మన ఆరోది. పూర్తయింది.

కాబట్టి మల్లన సంఖ్యలో ప్రధాన సంఖ్యలు ఏడు. మూడు, అయిదు, పదిహేడు, 257, 641, 65,537, 67 లక్షల 417. ఒక్కోటి ఒక్కసారే, ఏదీ రెండోసారి రాదు. ఏడింటిలో దేన్ని తీసుకున్నా, దేన్ని వదిలినా ఒక భాజకం వస్తుంది. తీసుకోవడమా వదలడమా అని ఏడుసార్లు నిర్ణయిస్తే మొత్తం భాజకాలు రెండు ఏడో ఘాతం, 128. రెండుతో కట్టిన సంఖ్య లోపల కూడా రెట్టింపులే దొరికాయి. ఈ ఏడు సంఖ్యల్లో చివరి అంకె అయిదు ఉన్నది అయిదు ఒక్కటే, అందుకే మల్లన సంఖ్య అయిదుతో ముగిసింది. అంకెలన్నీ కూడండి, 87 వస్తుంది. మూడుతో తెగుతుంది, తొమ్మిదితో తెగదు. మూడు ఒక్కసారే ఉంది కాబట్టి అలాగే ఉండాలి. మీరు రాసుకోవడంలో అంకె తప్పిపోయిందేమో అని అనుమానం వస్తే 87 సరిచూసుకోండి.

సగం బల్లకు ఇంకో ఘనత ఉంది. స్కేలు మీద కొలత గుర్తులు లేకుండా, వృత్తలేఖిని, గీత గీసే పట్టీ మాత్రమే వాడి ఎన్ని భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చు అన్నది గ్రీకుల నాటి ప్రశ్న. త్రిభుజం, పంచభుజి వాళ్ళకు తెలుసు. పదిహేడు భుజాలది కూడా గీయవచ్చని 1796లో పద్దెనిమిదేళ్ళ గౌస్ కనిపెట్టాడు. బేసి భుజాల్లో గీయగలిగేవి ఒక్కోటి ఒక్కసారే వాడిన ఈ ఫెర్మా ప్రధాన సంఖ్యలూ, వాటి లబ్ధాలే. అలాంటి అయిదు ప్రధాన సంఖ్యలే ఇంతవరకు దొరికాయి, అయిదూ సగం బల్లలోనే ఉన్నాయి. కాబట్టి గీయగలమని మనకు తెలిసిన అతి పెద్ద బేసి బహుభుజి భుజాలు ఎన్నంటే మల్లన సగం బల్ల మొత్తం, 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. ఎవరూ గీయరు లెండి. 65,537 భుజాల బహుభుజిని ఎలా గీయాలో రాయడానికే హెర్మెస్ అనే జర్మన్ పండితుడికి పదేళ్ళు పట్టింది. ఆ రాతప్రతి గ్యోటింగెన్‌లో ఇప్పటికీ ఉంది.

మల్లన సంఖ్య ఇంత తేలిగ్గా విడిపోవడానికి కారణం అరవై నాలుగు. అది జతలుగా, పుంజీలుగా, వరుసలుగా ఎన్ని రకాలుగానైనా సమంగా పంచబడుతుంది. గళ్ళ లెక్క ఏ రకంగానూ పంచబడనిదైతే? మూడు గళ్ళు తగ్గించి అరవై ఒక్క గళ్ళ దగ్గర ఆగండి. అరవై ఒకటిని సమానంగా గుంపులు చేయడం కుదరదు. ఆ మొత్తం పంతొమ్మిది అంకెల సంఖ్య. అది ప్రధాన సంఖ్య అని 1883లో రష్యాలో ఒక పల్లెటూరి చర్చి ఫాదరు, ఇవాన్ పెర్వూషిన్, నిరూపించాడు. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అది రెండో పెద్దది. ఆ ఫాదరు లెక్కల శాఖాధిపతి కాదు, ఆయనకు విశ్వవిద్యాలయంలో కుర్చీ లేదు.

గళ్ళ లెక్క పంచుకోవడానికి కుదరనిదైతే మొత్తం కూడా విడిపోదనుకుంటే పొరపాటు. పదకొండు గళ్ళ మొత్తం 2047, అది 23 ఇంటూ 89. అసలు పేచీ అరవై ఏడు గళ్ళతో వచ్చింది. మల్లన బల్లకు మూడంటే మూడు గళ్ళు ఎక్కువ. ఆ గళ్ళ మొత్తం ప్రధాన సంఖ్య అని మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో జాబితాలో రాశాడు, పైగా నిజంగా ప్రధాన సంఖ్య అయిన అరవై ఒక్క గళ్ళదాన్ని వదిలేశాడు. 1876లో ల్యూకా అనే గణిత శాస్త్రజ్ఞుడు అరవై ఏడు గళ్ళది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు, కానీ దేనితో తెగుతుందో చెప్పలేకపోయాడు. విడిపోతుందని తెలుసు, ఎక్కడ విడిపోతుందో తెలియదు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. నోరు విప్పకుండా ఒక పక్క రెండు అరవై ఏడో ఘాతం కట్టి ఒకటి తీసేశాడు. ఇంకో పక్క 19 కోట్ల 37 లక్షల 7 వేల 721ని 76 వేల 183 కోట్ల 82 లక్షల 57 వేల 287తో గుణించాడు. రెండు పక్కలా ఒకే సంఖ్య వచ్చింది. మాట్లాడకుండానే వచ్చి కూర్చున్నాడు, సభ చప్పట్లు కొట్టింది. దీనికి ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెబుతారు.

మల్లన సంఖ్య పక్కనే ఉన్నది కూడా మొండిదే. మల్లన సంఖ్యకు రెండు కలపండి. చివర పదిహేను బదులు పదిహేడు వస్తుంది, మిగతా పద్దెనిమిది అంకెలూ అవే. ఫెర్మా వరుసలో అది ఏడోది. దాన్ని విడగొట్టడానికి 1880 దాకా ఆగాల్సి వచ్చింది. లాండ్రీ అనే ఆయన ఎనభై దాటిన వయసులో 2 లక్షల 74 వేల 177 అనే కారణాంకం పట్టుకున్నాడు. ఒకే పొడుగు, ఒకే ముఖం, రెండే తేడా. ఒకటి బడిపిల్లాడికి లొంగింది, మరొకటి ఒక ముసలాయన కష్టం అడిగింది. అందుకే సంఖ్య ఎంత పెద్దదని అడగడం కన్నా ఎలా కట్టారని అడగడం మేలు అంటాను.

ఇదంతా పాత పండితుల కాలక్షేపం అనుకునేవాళ్ళు జేబులో ఫోన్ తీసి చూడండి. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లవి. బిట్ అంటే గడి. గడిలో సున్న గానీ ఒకటి గానీ ఉంటుంది. అరవై నాలుగు గళ్ళలోనూ ఒకటి పెడితే ఆ గళ్ళలో పట్టే అతి పెద్ద సంఖ్య వస్తుంది. అదేమిటో మీకు తెలుసు, మల్లన చంపకమాలలో పెట్టిన సంఖ్యే. గళ్ళు తక్కువైతే ఏమవుతుందో 2014లో యూట్యూబ్ చూసింది. గంగ్నమ్ స్టైల్ పాటను చూసినవాళ్ళ లెక్క ముప్పై ఒక్క గళ్ళ మొత్తం, 214 కోట్ల 74 లక్షల 83 వేల 647, దాటబోతుంటే వాళ్ళు గళ్ళు పెంచుకోవాల్సి వచ్చింది. ఆ 214 కోట్ల సంఖ్య కూడా ప్రధాన సంఖ్యే, 1772లో ఆయిలర్ నిరూపించాడు.

మొండి సంఖ్యలకు ఇప్పుడు ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లో చేసే డిజిటల్ సంతకానికి మన దేశంలో వాడే ఆర్.ఎస్.ఏ. తాళంలో 2048 బిట్ల సంఖ్య ఉంటుంది, అంటే 617 అంకెలది. అది రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. లబ్ధాన్ని అందరికీ చూపిస్తారు, రెండు ముక్కల్నీ దాచుకుంటారు. గుణించడం క్షణం పని, విడగొట్టడం ఎవరి వల్లా కాదు, అదే దాని భద్రత. మల్లన సంఖ్య లాంటిది పెడితే ఆ తాళం పూటలో తెరుచుకుంటుంది. 2020లో 250 అంకెల ఇలాంటి సంఖ్య ఒకదాన్ని విడగొట్టారు. వేలాది యంత్రాలు కలిసి చేసిన ఆ పని ఒక్క ప్రాసెసర్ కోర్ మీద అయితే 2700 ఏళ్ళు పట్టేదని లెక్క. 617 అంకెలదాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడ మనవాళ్ళ పని ఒకటి చెప్పుకోవాలి. సంఖ్య ప్రధానమా, సంయుక్తమా అని మాత్రమే తేల్చాలంటే అంత కష్టం లేదని 2002లో ఐఐటీ కాన్పూరులో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. నీరజ్, నితిన్ అప్పుడే బీటెక్ పూర్తి చేసిన కుర్రాళ్ళు. ఆ ముగ్గురి పద్ధతి సంఖ్య విడిపోతుందో లేదో నికరంగా చెబుతుంది, ముక్కలు చేతికివ్వదు. ల్యూకా నాటి పరిస్థితి ఆ విషయంలో అలాగే ఉంది.

హైస్కూలు పిల్లలకు, వాళ్ళకు లెక్కలు చెప్పే మాస్టార్లకు ఒక పని అప్పగించి సెలవు తీసుకుంటాను. ఇరవై మూడు గళ్ళ మొత్తం 83 లక్షల 88 వేల 607. అది ప్రధాన సంఖ్య కాదు. యాభై లోపు ప్రధాన సంఖ్య ఒకటి దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది. ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోకండి. పదకొండు గళ్ళకు 23 ఎలా వచ్చిందో కాస్త ఆలోచించి, ఒకే ఒక్క భాగహారంతో పట్టుకోండి.